పల్లకీ దిగని యాత్రలు

ఈమధ్య మా ఆఫీసులో ఒకతను పది రోజులు యూరప్ తిరిగొచ్చాడు. దక్షిణ ఇటలీ, దక్షిణ ఫ్రాన్స్. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఫోన్ చేతికిచ్చి ఫోటోలు చూపించాడు. లోతైన లోయ, దాని అంచున రాతి ఇళ్ళు, ఇళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ దిగే మెట్లదారి, మలుపులో చిన్న చర్చి, దాని ముందు కూర్చోడానికి ఒక బల్ల. "రోజుకి ఐదారు కిలోమీటర్లే. మా అమ్మ కూడా నడిచింది. ప్యాకేజీ పేరే ఈజీ వాక్స్," అన్నాడు. అక్కడితో ఆగితే నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "మన దగ్గర ఇట్లాంటివి ఎక్కడున్నాయండీ? చూడ్డానికేమీ లేదు, నడవడానికి అసలే లేదు," అన్నాడు. చుట్టూ కూచున్న ఆరుగురం తలలూపాం. నేనూ ఊపాను.

తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో రెండు ముక్కలున్నాయని తోచింది. చూడ్డానికేమీ లేదు అన్నది అబద్ధం. నడవడానికి లేదు అన్నది నిజం. మొదటి అబద్ధం చెప్పుకుంటూ రెండో నిజాన్ని హాయిగా భరిస్తున్నాం. చూడ్డానికే లేనప్పుడు దారి ఎవడు అడుగుతాడు?

ముందు ఆ ఇటలీ సంగతే చూద్దాం. అతని ఫోటోల్లో ఉన్న ఊళ్ళలో ఒకటి మతేరా. గ్రవీనా లోయ అంచున, కొండని తొలిచి కట్టుకున్న ఇళ్ళ ఊరు. ఇవాళ అక్కడ నడుస్తున్న టూరిస్టుకి అది ఎప్పుడూ అంత అందంగానే ఉండేదేమో అనిపిస్తుంది. కాదు. గుహల్లాంటి ఆ ఇళ్ళలో మనుషులు, గాడిదలు, కోళ్ళు కలిసి బతికేవాళ్ళు. మలేరియాతో పిల్లలు పోయేవాళ్ళు. కార్లో లేవీ 1945లో వచ్చిన తన పుస్తకంలో ఆ దరిద్రం గురించి రాశాక అది దేశానికే అవమానం అన్నారు. 1952లో చట్టం చేసి సుమారు 15 వేల మందిని అక్కడినుంచి ఖాళీ చేయించారు. ఊరు పాడుబడింది. తర్వాత కొందరు పట్టుబట్టి బాగుచేయించారు. 1993లో యునెస్కో జాబితాకెక్కింది. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. అంటే అతను నడిచిన ఆ మెట్లదారి ప్రకృతి ఇచ్చిన వరం కాదు. జనం, ప్రభుత్వం కలిసి తీసుకున్న నిర్ణయం. అందులో ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ కథ కూడా ఉంది, అది ప్యాకేజీలో రాదు.

ఇక మన దగ్గర. పేరులోనే లోయ ఉన్న ఊరు మనకుంది. కొండల్ని కోసుకుంటూ ఏరు బయటపడే సందుని కడప జిల్లాలో గండి అంటారు. పాపాఘ్ని అలా బయటపడే చోట వీరాంజనేయస్వామి గుడి ఉంది, ఆ చోటు పేరే గండి. పెన్న ఎర్రమల కొండల్ని కోసిన చోట ఉన్నది గండికోట. ఇంత కచ్చితమైన మాట మన భాషలో ఉండగా, ప్రతి బోర్డు మీదా, ప్రతి వీడియోలోనూ దాన్ని 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అంటున్నాం. నా కోపం అరువు పేరు మీద మాత్రమే కాదు. ఆ పేరు చూపుని మార్చేస్తుంది. కాన్యన్ అన్నాక రాళ్ళే చూస్తాం. కోట అంటే ఊరు. గుమ్మాలు, వీధి, కోనేరు, గుడి, మసీదు, ధాన్యం కొట్టు, మనుషులు.

గండికోటకి జనం వచ్చే తీరు చూడండి. శుక్రవారం రాత్రి నానక్‌రామ్‌గూడలోనో గచ్చిబౌలిలోనో కారెక్కుతారు. తెల్లారేసరికి జమ్మలమడుగు దాటి కోటలోకి వచ్చేస్తారు. కారు దిగి నేరుగా లోయ అంచుకి పోతారు. సూర్యోదయం, సెల్ఫీ, డ్రోన్. ఎండెక్కేసరికి బేలం గుహలకి బయల్దేరతారు. మాధవరాయ గుడి గోపురాన్ని దూరంనుంచి ఒక ఫోటో తీస్తారు. జామా మసీదు, ధాన్యాగారం దారిలో తగిలితే చూస్తారు, లేకపోతే లేదు. కోట లోపల ఇప్పటికీ ఊరుందని, అక్కడ మేకలు, బడి, గొడవలు, పెళ్ళిళ్ళు అన్నీ ఉన్నాయని చాలామంది గమనించరు.

నేనూ మొదటిసారి వాళ్ళలాగే వెళ్ళాను. రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళి, కోట గుమ్మం దగ్గర ఆటో దిగి వీధిలో నడిచాను. అరుగు మీద కూచున్న పెద్దాయన పిలిచాడు.

"యాడనుంచి సార్?"

"హైదరాబాదు నుంచి పెద్దాయనా."

"లోయ కాడికేనా? అట్ల పోవల్ల."

"లేదు, ఊరు చూద్దామని వచ్చినా."

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. "ఊర్లో ఏముండాదప్పా చూసేకి? మేమే ఉండాం," అన్నాడు.

క్యాంటీన్‌లో మా వాడన్న మాటే ఆయనా అన్నాడు. కాకపోతే మా వాడి మాటలో గొప్ప ఉంది, ఈయన మాటలో అలవాటైపోయిన చిన్నతనం ఉంది. ఏళ్ళ తరబడి తన గడప ముందునుంచి తలతిప్పకుండా లోయకేసి పోయేవాళ్ళని చూసి చూసి, తన ఊరు చూడదగ్గది కాదని ఆయనకి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం కలిగించింది మనం.

'మేమే ఉండాం' అన్న ఆ ఊరు ఏ ఊరనుకున్నారు? పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. రెండేళ్ళకి, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే మీర్ జుమ్లాని కలవడానికి అక్కడిదాకా వచ్చాడు. కొండ మీదికి పోయే ఇరుకు దారి గురించి, అక్కడ ఫిరంగులు పోతపోయిస్తున్న సంగతి గురించి రాసిపెట్టాడు. అక్కడినుంచి ఆయన గోల్కొండకి బయల్దేరాడు. ఇవాళ మన వీకెండ్ కారు వెళ్ళేది ఇంచుమించు ఆ రెండు కొసల మధ్యే. ఆయనకి వారాలు పట్టింది, మనకి ఒక రాత్రి. ఆయన దారి చూశాడు, మనం నిద్రపోయాం.

గండికోట దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. లోయకి ఎగువన ఉన్న జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీళ్ళు నింపినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. నీళ్ళు అవసరం లేదని నేననను, సీమలో పుట్టినవాడెవడూ అనలేడు. కానీ లోయలో నీళ్ళు నిండుగా కనిపిస్తే 'వావ్' అనేవాడికి, ఆ నీళ్ళ కింద వీధులున్నాయని చెప్పే ఒక్క పలక కూడా నాకక్కడ కనబడలేదు. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి రూ. 77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. అందులో అరుగు మీద పెద్దాయన వాటా ఎంత? ఆయన ఆ ఊళ్ళో ఉండగానే జరిగే అభివృద్ధా, ఆయన్ని పక్కకి జరిపి చేసేదా? మతేరా చేసిన తప్పు మనం కొత్తగా చెయ్యక్కర్లేదు, వాళ్ళు మన కోసం చేసి చూపించారు.

అంత దూరం ఎందుకు, నానక్‌రామ్‌గూడ సంగతే చెప్తాను. పదేళ్ళుగా ఇక్కడే పని చేస్తున్నాను. ఈ చోటుకి చరిత్ర లేదని, అద్దాల భవనాలకి ముందు ఇక్కడ రాళ్ళూ రప్పలే ఉండేవని మా వాళ్ళందరి అభిప్రాయం. మొదట ఆ రాళ్ళ సంగతి. అవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. వాటిని కాపాడాలని 1996 నుంచి ఈ నగరంలో ఒక సంఘమే పనిచేస్తోంది, సొసైటీ టు సేవ్ రాక్స్. మనం మాత్రం వాటిని పేల్చి సెల్లార్లు తవ్వుకున్నాం. మిగిలినవాటి కోసం 2025లో కంచ గచ్చిబౌలిలో విద్యార్థులు రోడ్డెక్కాల్సి వచ్చింది, 400 ఎకరాల్లో బుల్డోజర్లని సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది.

ఇక రప్పలు. ఒక ఆదివారం పొద్దున ఆరింటికి నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళోంచి గోల్కొండకి నడక మొదలుపెట్టాను. దూరం పది కిలోమీటర్లకి అటూ ఇటూ. టీ కొట్టు ఆవిడకి చెప్తే, "గోల్కొండకా? నడ్చుకుంటనా? గిదేం పిచ్చి సార్, ఆటోకు పైసల్ లేవా?" అంది. రంగ్‌బాగ్ రంగనాథస్వామి గుడితో మొదలుపెట్టాను. చుట్టూ టవర్లు లేచినా లోపల ఇంకా ఒక పాత తోట నెమ్మది ఉంది. అక్కడినుంచి ఖాజాగూడ గుట్టలు, దర్గా, చెరువు. ఆ తర్వాత పాత బొంబాయి రోడ్డు. దాని పక్కనే హుస్సేన్ షా వలీ దర్గా. హుస్సేన్ సాగర్ కట్టించిన మనిషిగా చెప్పుకునే ఆయన సమాధి. ఇంకాస్త ముందుకి షేక్‌పేట సరాయి. కుతుబ్‌షాహీల కాలంలో బాటసారుల కోసం కట్టిన రెండంతస్తుల సత్రం. దాటితే కుతుబ్‌షాహీ సమాధులు. అక్కడ 2013లో మొదలైన బాగుచేత 2024లో పూర్తయింది. అక్కడినుంచి బంజారా దర్వాజా గుండా కోట లోపలికి. ఆ లోపల కూడా గండికోటలో లాగే ఊరుంది. పాలపాకెట్లు, స్కూటర్లు, నాలుగు వందల ఏళ్ళ గోడకి ఆనించిన మంచాలు.

సరాయి దగ్గర కాసేపు నిలబడిపోయాను. గోల్కొండ పాదుషాకి కూడా తెలిసిన విషయం అది. నడిచేవాడికి దారి ఒక్కటే చాలదు, నీడ కావాలి, నీళ్ళు కావాలి, కూచోడానికి చోటు కావాలి. అప్పా జంక్షన్ దాటాక చేవెళ్ళ రోడ్డు మీద ఉన్న వందల మర్రిచెట్లదీ అదే సంగతి. అవి బాటసారి కోసం. రోడ్డు వెడల్పుకి అడ్డమొచ్చాయని వాటి మీద కేసులు నడిచాయి. షేక్‌పేటలో 2022 కొత్త సంవత్సరం రోజున 2.8 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. దాని మీద పోయేవాళ్ళకి దర్గా, సరాయి ఒకదాని తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో కిందనుంచి జారిపోతాయి.

ఈ పది కిలోమీటర్లలో ఉన్నది మతేరాకి ఏమాత్రం తీసిపోని సరుకు. లేనిది ఒక్కటే, కాలు పెట్టడానికి జాగా. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని చోట బైకులున్నాయి. రెండూ లేని చోట ఫుట్‌పాతే లేదు. రోడ్డు దాటడానికి ఒక చోట పదకొండు నిమిషాలు నిలబడ్డాను, గడియారం చూసి చెప్తున్నాను. ఇది తేలిక నడక ఎలా అవుతుంది? ప్రాణాలకి తెగించి చేసే నడక.

డబ్బు లేదని ఎవరూ అనకండి. 2023 అక్టోబరులో ఇక్కడే, ఔటర్ పక్కన, 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు. మంచి పనే. నేనూ తొక్కాను, హాయిగా ఉంది. కానీ ఆ కప్పు కింద తొక్కేది సరదాకి వచ్చే మనం. బస్సు దిగి, సర్వీసు రోడ్డు అంచున, ఎదురుగా వచ్చే క్యాబులకి ఒదిగి ఒదిగి, మన ఆఫీసులు ఊడవడానికీ గేట్లు కాయడానికీ నడిచొచ్చేవాళ్ళకి పైన ఆకాశం, కింద కంకర. సరదాకి నీడ, అవసరానికి ఎండ. ఈ నగరం ఎవరి కాళ్ళని లెక్కలోకి తీసుకుంటుందో అర్థం కావడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఈ కారిడార్‌లో నిజమైన పాదచారులు వాళ్ళే. 2020 లాక్‌డౌన్‌లో మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని, మనుషులు నడవకూడదని బోర్డులు పెట్టిన రోడ్ల మీద నడిచారు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న బయల్దేరింది ఇక్కడికి దగ్గర్లోని లింగంపల్లి నుంచే. అంతకు సుమారు మూడున్నరేళ్ళ ముందు, 2016 డిసెంబరులో, ఇదే నానక్‌రామ్‌గూడలో కడుతున్న భవనం కూలి 11 మంది చనిపోయారు. ఉత్తరాంధ్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికొచ్చిన కుటుంబాలవాళ్ళు. ఆ చోట ఒక పలక లేదు. రేపెవరైనా నానక్‌రామ్‌గూడలో హెరిటేజ్ వాక్ పెడితే రంగనాథుడి గుడితో పాటు అక్కడా రెండు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే అది హెరిటేజ్ కాదు, అలంకారం.

ఇప్పుడు మనలో మనం, రాసేవాళ్ళం చదివేవాళ్ళం, ఒక మాట ఒప్పుకోవాలి. తెలుగులో యాత్రల పుస్తకాలకి మూలపురుషుడు ఏనుగుల వీరాస్వామి. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీ పోయి, మరుసటేడు తిరిగొచ్చాడు. గొప్ప పుస్తకం, సందేహం లేదు. కానీ ఆయన పల్లకీలో వెళ్ళాడు. నడిచింది బోయీలు. మన మొదటి గొప్ప యాత్రా గ్రంథంలో పాదాలు ఒకరివి, ప్రయాణం ఇంకొకరిది.

అయినా వీరాస్వామిని తప్పుపట్టలేం. పల్లకీ వేగం బోయీ కాలి వేగమే. అందుకే ఆయనకి దారి కనిపించింది. ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఏ బావిలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ దారి రాళ్ళమయం, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, అన్నీ రాశాడు. మనకి ఆ పాటి కూడా చేతకావడం లేదు. ఇప్పుడొస్తున్న చాలా యాత్రా కథనాల్లో విమానం దిగడం ఉంటుంది, హోటల్ అల్పాహారం ఉంటుంది, 'అక్కడి శుభ్రత చూసి మనమెప్పుడు మారతామో అనిపించింది' అనే నిట్టూర్పు తప్పకుండా ఉంటుంది. ఎన్ని దేశాలు తిరిగారో లెక్క ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు నడిచారో ఉండదు. ఆ శుభ్రమైన వీధిని ఎవరు ఊడుస్తారో అసలే ఉండదు. పల్లకీ పోయి ఏసీ కోచ్ వచ్చింది, మనం మాత్రం దిగలేదు.

నాకు ఎదురయ్యే జవాబులు నాకు తెలుసు. మొదటిది ఎండ. మధ్యధరా ఊళ్ళలో జులై ఎండ మనకేమీ తీసిపోదు. వాళ్ళు వీధుల్ని ఇరుకుగా కట్టుకున్నారు, చెట్లు పెట్టుకున్నారు, మధ్యాహ్నం ఇంట్లో ఉంటారు. మన పెద్దలూ అదే చేశారు. ఎండని కారణంగా చూపించి చెట్లు కొట్టేసేవాళ్ళం మనమే. రెండోది, మనవాళ్ళకి నడక అలవాటు లేదు. అలిపిరి మెట్లెక్కేది ఎవరు? మొక్కుకోసం వందల మైళ్ళు నడిచే జాతి మనది. మొక్కుకి దొరికే దారి మామూలు రోజు ఎందుకు దొరకదు? మూడోది, ఆడవాళ్ళకి భద్రత ఉండదు. నిజమే, అందుకే దారి కావాలి. పదిమంది నడిచే, దీపాలున్న, కూచోడానికి బల్లలున్న దారికన్నా భద్రత ఏ యాప్ ఇస్తుంది?

నాలుగోది చాలా తెలివైనవాళ్ళు అంటారు. ముందు కడుపులు నిండనీ, నడక లాంటి విలాసాలు తర్వాత చూద్దాం, అని. ఇంగ్లండులో 1932లో మాంచెస్టర్ మిల్లు కార్మికులు, కుర్రాళ్ళు భూస్వాముల కొండ కిండర్ స్కౌట్ మీదికి నడిచే హక్కు కోసం మూకుమ్మడిగా చొరబడ్డారు. ఐదుగురు జైలుకెళ్ళారు. 1949లో ఆ దేశం జాతీయ పార్కులకీ కాలిబాటలకీ కలిపి ఒక చట్టం చేసుకుంది. నడకని హక్కుగా అడిగింది కడుపు నిండినవాళ్ళు కాదు. మన దగ్గరా 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో ఇమిడి ఉందని. అంటే జీవించే హక్కులో భాగమని. కోర్టు చెప్పాక కూడా దాన్ని విలాసం అనడానికి మనకి నోరెలా వస్తోంది?

అందుకని నా డిమాండ్లు చిన్నవి. నానక్‌రామ్‌గూడ పాత ఊరినుంచి గోల్కొండ బంజారా దర్వాజా దాకా తెగకుండా ఒక కాలిబాట. దారి పొడుగునా చెట్లు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, తెలుగులోనూ ఉర్దూలోనూ పలకలు. గండికోటలో కార్లు గుమ్మం బయటే ఆగాలి. లోపలి దారి చూపించేది, భోజనం పెట్టేది, జీతం తీసుకునేది ఆ ఊరివాళ్ళే అయి ఉండాలి. తాళ్ళప్రొద్దుటూరు పేరు లోయ అంచున ఒక రాయి మీద చెక్కాలి. యాత్రలు రాసే మిత్రులకి ఇంకొకటి. తర్వాతి దేశానికి టికెట్ కొనే ముందు సొంత ఊళ్ళో పది కిలోమీటర్లు నడిచి, దాని గురించి పది పేజీలు రాయండి. రాయలేకపోతే ఆ దేశం గురించి రాసేదీ అంతంత మాత్రమే.

సోమవారం ఇదంతా మా వాడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "ఆ సరాయి దగ్గర పార్కింగ్ ఉంటుందా?" అని అడిగాడు. పక్క బల్ల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ ఆమె మా మాటలు వింటోందని అప్పటిదాకా గమనించలేదు. "గోల్కొండ దాకా బాట ఏపిస్తరా సార్?" అని నవ్వింది. "అంత దూరం మాకెందుకు సార్. బస్‌స్టాపు దాకా ఏపిస్తే చాలు."

నిజమే. అక్కడినుంచే మొదలుపెట్టాలి.